ఎంత వాగినా ఊడదు

మార్చి 4

వదినా,

ముందుగా ఒక మాట. ఈ ఉత్తరం అన్నయ్యకు చదివి వినిపించేటప్పుడు మధ్యలో గీత గీసిన చోట ఆపెయ్యి. ఆ కిందది నీకూ నాకూ మాత్రమే.

నేనిక్కడ కులాసా. పొద్దున్నే మైదానం మీద మంచు దుప్పటి పరిచినట్టు ఉంటుంది. నా గది కిటికీలోంచి చూస్తే షెడ్డు పైకప్పు ఒక్కటే ఆ తెల్లదనంలో తేలుతూ కనిపిస్తుంది. షెడ్డులో రెక్కలన్నీ మడిచి వరసగా పడుకోబెట్టి ఉంటాయి. వారమంతా వాటి గుడ్డకు కుట్లు వేస్తాను, ఆదివారం వాటి కిందే వేలాడతాను. కుట్టుమిషన్ సూది మొన్న నా వేలిని కూడా రెక్క అనుకుంది. అంతకు మించి విశేషాలు లేవు.

___________

ఉన్నాయి. పోయిన ఆదివారం మా దగ్గర ఒకతను పడ్డాడు. కొత్తగా నేర్చుకుంటున్న పోస్టాఫీసు గుమాస్తా. జబ్బ విరిగింది.

మేం ఎగిరే తీరు నీకు తెలుసుగా. మూడు మూలల గుడ్డ రెక్క, దాని కింద బోర్లా వేలాడే మనిషి. దాన్నే హ్యాంగ్ గ్లైడర్ అంటారు. కొండ లేని చోట పైకి పోవాలంటే తాడుతో లాగాలి. మైదానం చివర ఒక డ్రమ్ము తాడును గిరగిరా చుట్టుకుంటుంది, మేం గాలిపటంలా లేస్తాం. తాడుకూ మనిషికీ మధ్య ఒక సన్నదారం ముడి ఉంటుంది. లాగుడు మరీ ఎక్కువైతే అన్నిటికంటే ముందు అది తెగాలి. అదీ దాని ఉద్యోగం.

ఆ దారం తెగకూడని చోట తెగింది. నేల ఇంకా దగ్గరే ఉంది, రెక్క ముక్కు ఆకాశం వైపు ఉంది. లాగేది లేక రెక్క ఒక్క క్షణం ఆలోచించి కూలబడింది. అప్పటినుంచి మైదానం రెండు ముక్కలైంది, సన్నదారం వాళ్ళు, లావుదారం వాళ్ళు. నేను లావుదారం. డ్రమ్ము నడిపే మీసాలాయన సన్నదారం. పక్కపక్కనే కూర్చుని టీ తాగేవాళ్ళం కాస్తా ఇప్పుడు షెడ్డుకు చెరో మూల నిలబడి తాగుతున్నాం.

నేననేది ఒకటే. ఎప్పుడు వదలాలో దారానికి తెలియదు, మనిషికి తెలుసు. కానీ తాడును మనిషికి తగిలించే ఇప్పటి కొక్కెం విప్పాలంటే ఒక చెయ్యి రెక్కను నడిపే కడ్డీ మీంచి తీసి భుజం దగ్గర లాగాలి. రెక్క ఒరిగిపోతున్నప్పుడే కదా రెండు చేతులూ కావలసింది. కొన్ని చోట్ల నోటితో విప్పుతారట. కొక్కేన్ని మూసి ఉంచే చిన్న తాడు కొసను పళ్ళ మధ్య కరిచి పట్టుకుంటారు, నోరు తెరిస్తే చాలు. బరువంతా కొక్కెం మీదే, పళ్ళకు తెలిసేది చిటికెడు. ఉత్త తాడు కరిస్తే మాత్రం ఉమ్మికి జారుతోంది. నా పళ్ళకు సరిపోయే ముక్క ఒకటి చేసి పంపవూ? నా పళ్ళ అచ్చు నీ దగ్గర ఉంది కదా. వదులుగా మాత్రం ఉండకూడదు.

నీ,
వసపిట్ట


మార్చి 12

వసపిట్టా,

గీత దగ్గర ఆపాను. కింద ఏముందని మీ అన్నయ్య అడగలేదు. కళ్ళజోడు తుడుచుకుని, లేచి వెళ్ళి మొక్కలకు నీళ్ళు పోశారు. అంతకుముందే ఒకసారి పోసి ఉన్నారు. నువ్వు ఎగరడం మొదలుపెట్టినప్పటినుంచి నీ మాట వచ్చినప్పుడల్లా మా మొక్కలకు పండగే.

నీ అచ్చు దొరికింది. మా పని గదిలో పై అరలో, బడిపంతులుగారి దవడకూ బ్యాంకు మేనేజరు దవడకూ మధ్య ఉంది. ఊళ్ళో సగం మంది నోళ్ళు నా అలమరలో ఉన్నాయి, ఒక్కటీ మాట్లాడదు. నీది కూడా అక్కడ బుద్ధిగా కూర్చుంది. చూసి కాసేపు నవ్వుకున్నాను.

ముక్క చేస్తాను. తాడు జారడం సంగతి మీ కొక్కెం చూసుకుంటుంది, ఊడకపోవడం సంగతి నాకొదిలెయ్యి. డాక్టర్లు నా దగ్గర పళ్ళ సెట్లు చేయించుకునేది అందుకే. నేను చేసినవి పెట్టుకుని జనం పోట్లాడుకుంటారు, పాటలు పాడతారు, తుమ్ముతారు.

ఒక్క షరతు. నా ముక్క నోట్లో పెట్టుకుని ఎగిరే మొదటి రోజు ఆ సన్నదారమే కట్టుకోవాలి. లావుదా సన్నదా అనే మీ గొడవ నాకు సగం అర్థమైంది, సగం కాలేదు. లావుది గట్టిది కదా, గట్టిది మంచిది కాదా అని మొదట అనిపించింది. తర్వాత భయమేసింది. మా దగ్గర పంటికి కొత్త తొడుగు వేసిన రోజు ఎవరినీ గట్టివి కొరకనివ్వం. ఎంత బాగా కుదిరినా సరే, ఆ రోజు మెత్తనివే తినమంటాం. అలాగే అనుకో.

ఒప్పుకుంటేనే చేస్తాను.

మీ వదిన


మార్చి 20

వదినా,

ఒప్పుకున్నాను. ఏడుస్తూ ఒప్పుకున్నాను. మీసాలాయన చూస్తుండగా సన్నదారం కట్టుకోవడమంటే నాకు తలకొట్టేసినట్టే. అయినా నీ మీద ఒట్టు, మొదటి రోజు సన్నదే.

నిన్న షెడ్డులో మీటింగు జరిగింది. తిరగేసిన పెట్టెల మీద కూర్చున్నాం. గుమాస్తా చేతికి కట్టుతో వచ్చాడు. నేను లేచి ఏకబిగిన మాట్లాడాను. దారానికి కళ్ళున్నాయా, మెదడుందా, గాలి కాస్త విసిరితే పుటుక్కున తెగి మనిషిని పడేసేదాన్ని పట్టుకుని రక్షణ అంటారేమిటి అన్నాను. అందరూ మీసాలాయన వైపు చూశారు. ఆయన అన్నాడు, "దారం తెగి పడ్డవాడు ఇదిగో, మన మధ్య కూర్చుని టీ తాగుతున్నాడు. తెగక పడ్డవాణ్ణి నేను చూశానమ్మా. రెక్క ఒరిగిపోయింది, తాడు వదల్లేదు. వాడి గురించి నాకు మాట్లాడాలని లేదు."

 చివరికి సంఘం కార్యదర్శి తేల్చాడు. ఏప్రిల్ పన్నెండున నేను నోటి కొక్కెంతో ఎగిరి చూపించాలి. అది పనిచేస్తే అందరికీ నోటి కొక్కెం, లావుదారం. లేకపోతే పాత పద్ధతే.

ఇవాళ పొద్దున మీసాలాయన డ్రమ్ము తిప్పితే నేనొక్కదాన్నే ఎగిరాను. తాడు వదిలాక వచ్చే నిశ్శబ్దం గురించి నీకెప్పుడూ సరిగ్గా చెప్పలేకపోయాను. అది చెవుల్లో దూది పెట్టుకున్నట్టు ఉండదు. ఇంట్లో అందరూ నిద్రపోతున్న మధ్యాహ్నం మెలకువ వస్తే ఉంటుందే, అలా ఉంటుంది. కింద నా నీడ పొలం గట్ల మీద పాకుతూ, ఒక ఇంటి పైకప్పు ఎక్కి దిగి, చెరువులో ములిగి అవతల తేలింది. దానికి నా కంటే తొందరగా ఉంది.

దారాలతో నా గొడవ ఇప్పటిది కాదులే. చిన్నప్పుడు ఊగుతున్న నా పాలపన్నుకు అన్నయ్య దారం కట్టి, రెండో కొస తలుపు గడియకు ముడేశాడు. తలుపు వేస్తే దారం తెగింది, పన్ను అలాగే ఉంది. ఆ తర్వాత రోజూ బడినుంచి రాగానే నా గడ్డం పట్టుకుని, "ఏదీ, ఊడిందా, నోరు తెరు" అనేవాడు. ఆ మనిషి ఇప్పుడు నాతో మాట్లాడాలంటే మొక్కలకు నీళ్ళు పోస్తున్నాడు. అన్నయ్య మాట్లాడకపోతే నాకు బాధగా ఉంది వదినా. తిట్టినా బాగుండును.

వసపిట్ట


ఏప్రిల్ 2

వసపిట్టా,

ఇదిగో నీ ముక్క. దూదిలో చుట్టి, మాత్రల డబ్బాలో పెట్టి పంపుతున్నాను. మధ్యలో ఉన్న సందులోంచి తాడు కొస దూర్చి ముడేసుకో.

లోపలివైపు మెత్తటి పూత వేశాను. కాసేపు నోట్లో ఉంచుకుంటే వేడికి నీ పళ్ళకు అలవాటు పడుతుంది. ఆ తర్వాత నువ్వెంత వాగినా ఊడదు.

నా చేతి పని నేను పొగుడుకోకూడదు గానీ, ఇంత సన్నగా, ఇంత నున్నగా ఈ మధ్య ఏదీ కుదరలేదు. రెండు రోజులు వేరే పని ముట్టుకోలేదు. ఒక డాక్టరుగారు ఫోన్ చేసి తన పేషెంటు పళ్ళు లేకుండా పెళ్ళికి వెళ్ళాల్సి వస్తోందని గోలపెట్టారు. వెళ్ళి నవ్వకుండా కూర్చోమని చెప్పాను.

పాలపన్ను సంగతి మీ అన్నయ్యకు చదివాను. విన్నారు. ఏమీ అనలేదు. కాకపోతే మొక్కల దగ్గరికి వెళ్ళలేదు, కుర్చీలోనే ఉండిపోయారు.

సన్నదారం. మరిచిపోకు.

మీ వదిన


ఏప్రిల్ 9

వదినా,

డబ్బా చేరింది. ముక్క ఎంత ముద్దొస్తోందో. "నువ్వెంత వాగినా ఊడదు" అన్న మాట షెడ్డులో అందరికీ చదివి వినిపించాను. పగలబడి నవ్వారు. మీసాలాయన మీసం కూడా కాస్త కదిలింది. మీ వదినకు నీ సంగతి బాగా తెలుసే అన్నారు. మరదల్ని వేళాకోళం ఆడకపోతే నువ్వు వదినవెలా అవుతావు.

నోట్లో పెట్టుకుని వెంటనే "ఆ" అన్నాను. టప్పున అరచేతిలో పడింది. మళ్ళీ పెట్టుకున్నాను, మళ్ళీ పడింది. కొక్కేనికి కట్టి, కింద నిలబడే లాగి చూశాను. నోరు తెరవడం, కొక్కెం విడిపోవడం, ఎంత హాయిగా ఉందో.

గుమాస్తా అయితే తన చెయ్యి బాగవగానే మొదటి ముక్క తనకే కావాలంటున్నాడు.

పన్నెండో తేదీకి ఇంకా మూడు రోజులే ఉన్నాయి. నిద్రలో కూడా నోరు తెరుస్తున్నాను.

వసపిట్ట


ఏప్రిల్ 13

వదినా,

ఈసారి గీత గీయలేదు. అన్నయ్యకు చదవాలో వద్దో నువ్వే చూసుకో.

నిన్న గాలి కుదరక చాలాసేపు ఆగాల్సి వచ్చింది. రెక్క కింద పడుకుని ఎదురుచూస్తున్నాను, ముక్క పళ్ళ మధ్యే ఉంది. తీసి మళ్ళీ పెట్టుకోవడం ఎందుకులే అనుకున్నాను. గాలి నిలకడగా వచ్చింది, డ్రమ్ము తిరిగింది, నేల కిందికి జారిపోయింది. చెట్ల పైకి వచ్చాక ఎక్కడినుంచో ఒక గాలి కుడి రెక్కను నొక్కేసింది. నేను ఎడమకు లాగుతున్నా రెక్క వినడం లేదు. తాడు ఒకవైపు లాగుతోంది, ముక్కు ఇంకోవైపు తిరుగుతోంది. మీసాలాయన మాట్లాడాలని లేదన్నది దీని గురించే.

నోరు తెరిచాను.

ఊడలేదు వదినా. పై పళ్ళను పట్టుకుని అది హాయిగా కూర్చుంది. ఇంకా పెద్దగా తెరిచాను. నాలుకతో నెట్టాను. సొంత పన్ను కూడా అంత గట్టిగా ఉండదు. చెయ్యి తీద్దామా వద్దా అనుకుంటున్నంతలో టిక్కుమని చిన్న చప్పుడైంది. నీ సన్నదారం తెగింది.

ఆ తర్వాత నేను చాలాసేపు పైనే ఉండిపోయాను. దిగాలనిపించలేదు. ఎండ పలచగా ఉంది. ఎవరో పెరట్లో ఆరేసిన దుప్పట్లు తీస్తున్నారు. ఒక బస్సు ఆగి, ఎవరినీ ఎక్కించుకోకుండా వెళ్ళిపోయింది. నేను లేకపోయినా ఆ బస్సు అలాగే ఆగి వెళ్ళిపోయేది కదా అనుకున్నాను. భయం వేయలేదు, అదే వింతగా ఉంది. నోట్లో నీ ముక్క అలాగే ఉంది. నీ చెయ్యి నా బుగ్గ మీద ఉన్నట్టు అనిపించింది.

అసలు సంగతి దిగాక మొదలైంది. కిందనుంచి చూసినవాళ్ళకు తాడు విడిపోవడం ఒక్కటే కనిపించింది. నేను నోటితో వదిలాననుకున్నారు. పరుగెత్తుకొచ్చి నన్ను కావలించుకున్నారు. చెప్పబోతే నోట్లో ముక్క, దాని తాడు ముడి నాలుకకు అడ్డం. "ఉమ్ ఉమ్" అంటున్నాను. "వసపిట్టకు సంతోషంతో మాట పడిపోయింది" అని నవ్వారు. కార్యదర్శి అక్కడికక్కడే చేతులెత్తమన్నాడు. ముక్కలు తయారై రాగానే అందరికీ నోటి కొక్కెం, లావుదారం. మీసాలాయన చెయ్యెత్తలేదు, దూరంగా తాడు చుట్టుకుంటున్నాడు. నేను షెడ్డు వెనక్కి వెళ్ళి, గోరువెచ్చని నీళ్ళు పుక్కిలించి, బొటనవేలితో పీకి బయటికి తీశాను. తిరిగొచ్చేసరికి అంతా అయిపోయింది.

అప్పుడు నోరు ఖాళీగానే ఉంది. చెప్పొచ్చు. చెప్పలేదు. ఎన్నాళ్ళనుంచో గెలవాలనుకున్నాను, గెలిచేశాను. చెబితే నా వాదం పోతుంది, నీ పనికి చెడ్డపేరు వస్తుంది. చెప్పకపోతే ఆ గుమాస్తా బాగైన చేత్తో లావుదారం కట్టుకుని, ఊడని ముక్క కరుచుకుని పైకి వెళతాడు. ఏం చేయను?

వసపిట్ట


ఏప్రిల్ 14

వసపిట్టా,

నీ ఉత్తరం ఇంకా రాలేదు గానీ వార్త నీకంటే ముందే వచ్చింది. మీ కార్యదర్శిగారు ఫోన్ చేసి తెగ పొగిడారు. నోరు తెరవగానే తాడు విడిపోయిందట, పువ్వులా దిగావట. ఇంకా ఆరు ముక్కలు కావాలన్నారు. ఆ పోస్టాఫీసాయన పళ్ళ అచ్చు, ఇంకొకరిది అప్పుడే బస్సులో పంపించేశారు. అన్నీ నీ దానిలాగే, అదే పూతతో చేస్తున్నాను. రెండు మొదలుపెట్టేశాను కూడా.

మీ అన్నయ్యకు చెప్పాను. విన్నారు. "ఊఁ" అన్నారు. నా చెవులతో నేను విన్నాను.

నాకు ఎంత గర్వంగా ఉందో తెలుసా. నేనెప్పుడూ నేల మీంచి పైకి లేవలేదు. నా చేతి పని లేచింది.

మీ వదిన


ఏప్రిల్ 19

వసపిట్టా,

నీ ఉత్తరం పని గదిలో నిలబడి చదివాను. చదివాక కూర్చున్నాను. 

నేను వేళాకోళం ఆడలేదే. కాసేపటికి పళ్ళకు అతుక్కుంటుంది, ఇక ఊడదు అని మామూలుగా పని సంగతి చెప్పాను. మా దగ్గరికి వచ్చేవాళ్ళందరికీ చెప్పే మాటే, నీకని వాగడం ఒకటి చేర్చాను. నువ్వది షెడ్డంతటికీ చదివి నవ్వించావు. మనిద్దరం ఎప్పుడూ ఇలాగే మాట్లాడుకున్నాం కదా, నీ తప్పు కాదు. నా బుర్రలోకి కూడా ఎక్కలేదు. ఈ గదిలో కూర్చున్నప్పటినుంచీ నేను నేర్చుకున్నది ఒకటే, నోరు తెరిస్తే ఊడేది చెడ్డ పని. నువ్వు వదులుగా ఉండకూడదన్నావు. నోట్లో కదలకూడదని నీ ఉద్దేశం. నోరే వదలకూడదని నాకు తెలిసిన అర్థం. ముక్క నోట్లోనే ఉండి, కొక్కెమే తాడును వదిలేస్తుందనుకున్నాను.

చేసిన రెండు ముక్కలూ విరిచేశాను. గుమాస్తాగారిది ముందు విరిచాను.

నువ్వు చెప్పెయ్యి. నా పరువు సంగతి నీకెందుకు. ఎవరైనా అడిగితే మా వదిన పని మరీ బాగా చేసిందని చెప్పు. నువ్వు నోరు మూసుకుని తిరుగుతుంటే నిన్ను నేనే గుర్తుపట్టలేను.

మీ అన్నయ్యకు మొదటినుంచి చివరిదాకా చదివాను. విన్నారు. చెప్పులేసుకుని బయటికి వెళ్ళారు. తిరిగొచ్చి బల్ల మీద ఏదో పెట్టారు. సన్నదారం ఉండ. నీకు పంపమని కాబోలు.  ఇద్దరం దాని వైపే చూస్తూ కూర్చున్నాం.

నాకు ఏడుపొచ్చింది. ఉంటాను.

మీ వదిన


ఏప్రిల్ 24

వదినా,

చెప్పాను.

అందరూ వచ్చేదాకా ఆగి, పెట్టె మీద నిలబడి, ముక్క చేత్తో పట్టుకుని మొదలుపెట్టాను. నోరు తెరిచాను, ఇది ఊడలేదు, నన్ను కిందికి దించింది సన్నదారం అన్నాను. అంత చిన్న ఉపన్యాసం నేనెప్పుడూ ఇవ్వలేదు. కార్యదర్శి ముఖం ఎర్రబడింది. గుమాస్తా తన చేతి కట్టు వైపు చూసుకున్నాడు.

మీసాలాయన లేచి వచ్చి జేబులోంచి చిన్న దారం ముక్క తీసి నా చేతిలో పెట్టాడు. కొస కుచ్చులా విచ్చుకుని ఉంది. ఆ రోజు తాడు చివర దొరికిందట. అంటే మొదటినుంచీ తెలుసన్నమాట.

"మరి ఎందుకు చెప్పలేదు?" అన్నాను.

"నేను చెబితే సన్నదారం వాళ్ళు గెలిచారంటారు. నువ్వు చెబుతావేమోనని చూశా. ముక్కలు వచ్చేలోపు చెప్పకపోతే నేనే చెప్పేవాణ్ణి."

ఇప్పుడు ఇద్దరం ఒకే చోట టీ తాగుతున్నాం. మనిషి బరువును బట్టి దారం ఉండాలని, అందరికీ ఒకటే కట్టడం తప్పని ఆయనే అన్నాడు. గుమాస్తా బరువుకు ఆ దారం మరీ సన్నమట. నా వాదంలో కొంత నిజం ఉందని దానర్థం. ఎంత అని అడిగితే టీ తాగమన్నాడు.

నోటి కొక్కెం మీద మాత్రం నాకింకా ఆశ ఉంది. వదినా, ఊడేది చేయగలవా?

వసపిట్ట


మే 8

వసపిట్టా,

చేశాను. నా జన్మలో ఇంత కష్టమైన పని చేయలేదు. చేతులు అలవాటుకొద్దీ బిగిస్తాయి, నేను వాటిని వద్దంటాను. పూత తీసేశాను, అంచులు అరగదీశాను. కరిచినంతసేపు కదలకూడదు, తెరిచిన మరుక్షణం ఉండకూడదు.

ముందు మీ అన్నయ్య పళ్ళకు ఒకటి చేసి చూశాను. ఆయన్ను పని గదిలో కూర్చోబెట్టి, వేడి టీ తాగించి, ముక్క నోట్లో పెట్టి, పేపరు చదువుకోమన్నాను. పేపరంతా అయ్యాక "ఆ అనండి" అన్నాను. మొదటిది ఊడలేదు. రెండోది సగం ఊడింది. తర్వాతివి లెక్కపెట్టలేదు. ఒళ్ళో పెట్టిన పళ్ళెంలో చివరికి ఠంగుమని పడింది. మా కాపురంలో ఆయన ఇన్నిసార్లు నోరు తెరవడం ఎప్పుడూ చూడలేదు. ఆ తర్వాతే నీ అచ్చు కిందికి దించాను.

డబ్బాలో పెట్టి అడ్రసు రాస్తుంటే మీ అన్నయ్య నా చేతిలో కలం పట్టుకుని ఆపారు. "పోస్టులో వద్దు. నేను తీసుకెళ్తా" అన్నారు.  ఈసారి మొక్కలకు నేను నీళ్ళు పోశాను.

ఈ ఉత్తరం కూడా ఆయన చేతే పంపుతున్నాను. బస్సులో ఎలాగూ చదివేస్తారు. చదవనీ.

మీ వదిన


మే 13

వదినా,

ఇది రాస్తుంటే అన్నయ్య నా మంచం మీద పడుకుని పైకప్పు చూస్తున్నాడు. రేపు పొద్దున బస్సుకు వస్తాడు, ఉత్తరం తన చేతికే ఇస్తాను. దారంతా చదువుతాడు. చదవనీ.

నిన్న మైదానానికి వచ్చాడు. నా రెక్క చుట్టూ ఒకసారి తిరిగి, గుడ్డ మీద నా కుట్లు వేలితో తడిమి, వెళ్ళి మీసాలాయన పక్కన నిలబడ్డాడు. ఇద్దరు మాట్లాడనివాళ్ళు పక్కపక్కన. దూరంనుంచి రెండు గుంజలు పాతినట్టు ఉంది. నా దారం ముడి అన్నయ్యే వేశాడు, తను తెచ్చిన ఉండలోంచి. మీసాలాయన లాగి చూసి తలాడించాడు.

కావాలనే ముక్క చాలాసేపు నోట్లో ఉంచుకున్నాను. వేడి టీ కూడా తాగి పెట్టుకున్నాను. లేచాను. గాలి మెత్తగా ఉంది, చెట్లు, పైకప్పులు, ఆరేసిన బట్టలు అన్నీ నెమ్మదిగా చిన్నవవుతున్నాయి. ఈసారి రెక్క ఒరగలేదు. ప్రమాదం లేనప్పుడే చూడాలని మీసాలాయన చెప్పాడు. తాడు ఇక చాలన్న చోట నోరు తెరవాలి. ఏ మాటతో తెరవాలో అప్పుడే ఆలోచించాను. నిన్నే పిలవాలనుకున్నాను. కానీ "వ" అనాలంటే పళ్ళు పెదవిని పట్టుకుంటాయి వదినా, అక్కడే ఆగిపోతుంది. ఏమీ అనుకోకు.

"అన్నయ్యా" అన్నాను.

ఊడింది. ముక్క నా గుండెల మీద పడి దాని తాడుకు ఊగింది. కొక్కెం విడిపోయింది. కింద తాడు వంపులు తిరుగుతూ పడిపోయింది. సాయంత్రం మీసాలాయన ఆ తాడు కొస తెచ్చి నా చేతికిచ్చాడు. అన్నయ్య వేసిన ముడి ముడిలాగే ఉంది, ఒక్క పోగు లేవలేదు.

దిగేసరికి అందరూ దూరంగానే ఉన్నారు. ఎవరూ పరుగెత్తుకు రాలేదు, చేతులెత్తలేదు. అన్నయ్య ఒక్కడే గడ్డిలో నడుచుకుంటూ వచ్చాడు. నేనింకా రెక్క కిందే ఉన్నాను. వంగి, నా గడ్డం పట్టుకుని, ముఖం వెలుతురు వైపు తిప్పాడు.

"ఏదీ, ఊడిందా, నోరు తెరు."

తెరిచాను వదినా. మాట రాలేదు.

నీ,
వసపిట్ట